ఖాతాలో ఒక తలుపు

మా ధాన్యం గదికి మూడు తాళాలు.
ఒక చెవి నా దగ్గర, ఒకటి దోలికా దగ్గర,
మూడోది ఫలేసి మెడలో, నల్లదారానికి.
ముగ్గురం కలిస్తే తప్ప గింజ కదలకూడదని
కోతలనాడు మేమే పెట్టుకున్న కట్టుబాటు.
మనుషుల మీద అనుమానం కాదు,
ఆకలి మీద.

అంతకు ముందటి వరదకి
షీరే నది మడుగుల్లో కలువదుంపలు తవ్వుకు తిన్నాం.
ఒక చేత్తో దుంప లాగుతూ
ఇంకో చేత్తో నీళ్ళమీద కర్ర కొడుతూ, మొసళ్ళ కోసం.
న్యీకా అంటాం మేం వాటిని.
రెండుసార్లు నీళ్ళు మార్చి ఉడికిస్తే గాని చేదు వదలదు.
అది కూడా ఖాతాలో రాసిపెట్టాను,
ఎవరికి ఎప్పుడు పనికొస్తుందో.

ఆ తర్వాతే ఇంటికో గంప జొన్నలు గదికి చేరాయి.
బిలియాటికి గంప లేదు.
నాలుగు రోజులు నడుం వంచి కట్ట మీద వట్టివేళ్ళ గడ్డి నాటాడు.
అదీ జమే.
ట్రక్కులో వచ్చినాయన మట్టి చూశాడు, పటం చూశాడు,
మళ్ళీ వస్తానన్నాడు.
గడ్డి ఆయన కోసం ఆగలేదు, వేళ్ళు దింపుకుంది.

జనవరి.
గీతల గుంజ దగ్గర జూజే ఈల మూడుసార్లు మోగింది.
పచ్చగీత మునిగింది. పసుపు మునిగింది.
పిల్లల్నీ మేకల్నీ దిబ్బకెక్కించాం.
కట్ట ఒక్కచోటే తెగింది, గడ్డి నాటని చోట.
అది ఎవరి వంతో నాకు తెలుసు.
రాయలేదు.

మూడో రాత్రి ఫలేసికి వాంతులు, విరేచనాలు.
లీటరు నీళ్ళకి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు,
దోలికా పాటలా వల్లిస్తూ కలిపింది.
తాగింది తాగినట్టే బయటికి.
సైకిలు అంబులెన్సు ఇరుసుదాకా దిగబడిపోయింది.
ఆసుపత్రి నాలుగు మైళ్ళు, మధ్యలో అంతా నీళ్ళే.

బిలియాటి ఏమీ అనలేదు,
గది తలుపు వైపు చూశాడంతే.

నా తాళం తీశాను. దోలికా తీసింది.
ఫలేసి మెడలోని దారానికి చెయ్యి చాపబోతే
మొగుడి వీపు మీద నుంచి గొణిగింది:
"నాది నేనే తీస్తా."
తీసింది. ఎంతసేపు పట్టిందో అడక్కండి.

బందుల్లోంచి తలుపు ఎత్తేశాం.
దాని మీద ఆమెను పడుకోబెట్టి, చీరకట్టు గుడ్డలతో బిగించి,
నలుగురు మగవాళ్ళు నడుంలోతు నీళ్ళలో తోసుకుపోయారు.
పక్కన నేను, సీసా తడవకుండా నెత్తిన పెట్టుకుని,
గుక్కకో అడుగు.
వెనకాల గది నోరు తెరుచుకుని ఉందన్న సంగతి
సగం దారిలో గాని గుర్తు రాలేదు.
అప్పటికి రెండ్రోజులుగా
ఊళ్ళో ఏ పొయ్యీ సరిగా వెలగలేదు.

తెల్లారి తిరిగొస్తే
గుమ్మానికి అడ్డంగా ముసలి కపెనూకా.
కాళ్ళు బయట, వీపు బస్తాలకి.
కళ్ళు గుంటలు పడ్డాయి, పెదాలు పొడిబారాయి.
బస్తాలు లెక్కపెట్టాను.
"నన్ను ఖాతాలో ఎక్కించకమ్మా," అన్నాడు,
"కాపలా కాదు. వాన పడుతుంటే కూర్చున్నా."
ఆ రోజు వాన లేదు.

తొమ్మిదో నాడు ఫలేసి నడిచే వచ్చింది.
తలుపు ఆమెకంటే ముందే వచ్చింది,
రెండుసార్లు బ్లీచింగు నీళ్ళతో కడిగించుకుని,
ఆసుపత్రి వాసనేస్తూ.
ముగ్గురం కూర్చుని ఖాతా తెరిచాం.
తలుపు ఒకటి. అప్పు. తీసుకున్నది, ఊరు.
తిరిగి ముట్టింది.
వడ్డీ గడి దగ్గర నా పెన్సిలు ఆగిపోయింది.
"ఇక్కడేం రాయమంటావ్?" అన్నాను.
దోలికా లేచి తలుపు అటూ ఇటూ ఆడించి చూసింది.

"ముందు బందులకి నూనె రాయి," అంది,
"కిర్రుమంటోంది."